సాయం పట్టు

“ఒక చెయ్యి సాయం పట్టు” అని అన్నయ్య కేకేశాడంటే ఆ పని మొత్తం చుట్టలక్క చెయ్యాలని అర్థం. ఆ షాపులో ఉండేదే ముగ్గురు. అన్నయ్య, వదిన, చుట్టలక్క. ఆ మాటకి అసలు అర్థమేమిటో ముగ్గురిలో అన్నయ్య ఒక్కడికే తెలియదు.

సోమవారం పొద్దున కూడా అలాగే కేకేశాడు. చుట్టలక్క వెనకగదిలో ఒక నీళ్ళ మోటారు విప్పుకుని, లోపల మాడిపోయిన రాగితీగని పట్టకారుతో పీకుతోంది. ఆమె పనే అది. మోటారు కాలిపోతే పాత తీగ లాగేసి, కొత్తది లెక్కపెట్టి చుట్టడం. అందుకే వీధిలో ఆ పేరు పడింది. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఆవిడ రోజుకెన్ని చుట్టలు కాలుస్తుందేమిటని గొంతు తగ్గించి అడుగుతారు. వదిన బల్ల దగ్గర్నుంచి తలెత్తకుండా జవాబు చెబుతుంది. “కాల్చేది మీరు. మా ఆడపడుచు కాలినవాటిని మళ్ళీ చుడుతుంది.”

వెనకగదికి కిటికీ లేదు. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబులైటు కిందే పని. చుట్టలక్క చేతులు తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చి, వెలుతురికి కళ్ళు చిట్లించుకుంది.

పెరట్లో బండి ఉంది. ముందు రెండు చక్రాలు, వాటి మధ్య రేకుపెట్టె, వెనక ఒక చక్రం, దాని మీద సీటు, పెడళ్ళు. వెనక చక్రంలోనే మోటారు. పాత స్కూటరు తుక్కులోంచి తీసిన ఆ మోటారుని చుట్టలక్క మొత్తం విప్పి, లోపలి ఇనప చక్రానికున్న యాభై ఒక్క పళ్ళకీ కొత్త తీగ చుట్టింది. సీటు కింద బ్యాటరీ. అది కూడా పాతదే. పనికొచ్చే సెల్లులు ఏరి, ఒక్కోదాన్నీ మీటరుతో చూసి, కట్టలు కట్టింది. పెట్టె మూతకి ఇవాళ సోలార్ ప్లేటు బిగించాలి.

“ఈ మూతకి నాలుగు బెజ్జాలు వెయ్యాలి. కాస్త సాయం పట్టు” అన్నాడు అన్నయ్య.

సాయం అంటే చుట్టలక్క డ్రిల్లు పట్టుకుంది. అన్నయ్య మూత పట్టుకున్నాడు. రెండో బెజ్జం దగ్గర ఫోనొచ్చింది. మూత కూడా వదిలేశాడు. మిగతా రెండూ మూతని మోకాలితో అదిమిపట్టి తనే వేసుకుంది.

పెద్దాసుపత్రి వాళ్ళు వచ్చే నెల నుంచి లోపలికి పెట్రోలు బండి దేన్నీ రానివ్వమన్నారు. దుప్పట్లు, మందుల పెట్టెలు, రోగుల భోజనం డబ్బాలు ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి మొయ్యడానికి పది బ్యాటరీ బళ్ళు కావాలి. గురువారం ట్రయల్. ఎనభై కిలోల బరువుతో పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా తిరగాలి, మధ్యలో గోడకి ప్లగ్గు పెట్టకూడదు. ఆ ఆఖరి షరతు కోసమే ఈ ప్లేటు. రోజంతా ఎండలో తిరిగితే బ్యాటరీకి ఇంకో పదిహేను ఇరవై కిలోమీటర్లు కలిపిస్తుంది. ట్రయల్ నెగ్గినవాళ్ళే పది బళ్ళూ తయారుచెయ్యాలి, చూసుకోవాలి. అందుకోసం ఆసుపత్రి వెనక గేటు పక్కన ఒక షెడ్డు ఇస్తారు. గేటు పాసు ఇస్తారు.

ఆ షెడ్డుని చుట్టలక్క ఒకసారి గేటు ఊచల్లోంచి చూసింది. రెండు వైపులా కిటికీలున్నాయి. పొడుగాటి బల్ల ఉంది. ఆ బల్ల మీద వెలుతురు పడి ఉంది. ఇంటికొచ్చి ఆ మోటారుని మూడు రోజుల్లో చుట్టేసింది.

ప్లేటు బిగించాక, చుట్టలక్క లోపలికెళ్ళి నీలంగళ్ళ పాత దుప్పటి తెచ్చి, నాలుగు మడతలు వేసి ప్లేటు మీద కప్పింది. ముందు బ్యాటరీ వైరుని, మూత మీద ప్లేటు పక్కనున్న, చార్జింగు చూసుకునే కంట్రోలర్ డబ్బాకి తగిలించింది. డబ్బా మీద ఎర్రదీపం వెలిగింది. అప్పుడు ప్లేటు వైరు తగిలించింది. అప్పుడు దుప్పటి లాగింది. ఎర్రదీపం పచ్చగా మారింది.

“అన్నయ్యా, ఇది గుర్తుపెట్టుకో. ముందు బ్యాటరీ, తర్వాత ప్లేటు. తీసేటప్పుడు ముందు ప్లేటు, తర్వాత బ్యాటరీ.”

“ఊఁ.”

“ఏమన్నాను?”

“బ్యాటరీ, ప్లేటు. విన్నానే తల్లీ” అన్నాడు ఫోను చూసుకుంటూ. ఇది మూడోసారి చెప్పడం.

తర్వాత వీధిలో పరీక్ష. పెట్టెలో ఇసుక బస్తాలు వేసి, ఎదురింటి ముందున్న ఎత్తు ఎక్కించాలి. అన్నయ్య సీటెక్కాడు. అంత బరువుతో ఎత్తు మీద కదలాలంటే మోటారుకి మొదట రెండడుగులు ఊతం కావాలి. తర్వాత ఎంత దూరమైనా అదే లాగుతుంది. చుట్టలక్క సీటు వెనక కడ్డీకి రెండు చేతులూ ఆనించి తోసింది. మోటారు అందుకుంది. అన్నయ్య ఎత్తెక్కి, వీధి చివరిదాకా వెళ్ళి, అరుగుల మీద కూర్చున్నవాళ్ళకి చెయ్యూపి వచ్చాడు. వెనక ఎవరో తోశారన్న సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు. పక్క షాపు టైలరు వచ్చి, ఇందాక ప్లేటు మీద ఆ దుప్పటెందుకు కప్పారని అడిగాడు.

“దుమ్ము పడకుండా” అన్నాడు అన్నయ్య.

చుట్టలక్క ఆరిన చెమట మీద ఇసుక గరగరలాడుతుంటే లోపలికి వెళ్ళిపోయింది.

*

మంగళవారం మధ్యాహ్నం వార్నిష్ డబ్బా కోసం ముందుగదిలోకి వచ్చినప్పుడు వదిన ఆసుపత్రి ఫారం నింపుతోంది. ఇంట్లో గుండ్రటి చేతిరాత వదినదే. ఏ కాగితమైనా అన్నయ్య చెబుతాడు, ఆవిడ రాస్తుంది. చుట్టలక్కని చూడగానే వదిన మోచెయ్యి కొంచెం జరిపింది. అలా జరపకపోయి ఉంటే చుట్టలక్క ఆ కాగితం చూసేది కాదు.

తయారుచేసినవారు అన్న గడిలో అన్నయ్య పేరు, ఇంటిపేరుతో సహా ఉంది. దాని కింద సహాయకులు అన్న గడి. అందులో “చెల్లెలు – 1” అని ఉంది.

పానాలు – 4, సుత్తి – 1 అని రాసినట్టుంది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో చుట్టలక్కకి అప్పుడు తెలిసింది. వార్నిష్ డబ్బా మాట మర్చిపోయింది.

“అన్నయ్యా! ఈ బండి ఎవరు చేశారు?”

అన్నయ్య భోంచేసి మూతి తుడుచుకుంటూ వచ్చాడు. “మనం.”

“మనమంటే?”

“మనమంటే మనమే. షాపు.”

“మరి షాపు అనే రాయించొచ్చుగా? నీ పేరెందుకుంది?”

“షాపెవరి పేరు మీదుందే? ఏదో ఒక పేరు రాయాలిగా. నిన్ను మాత్రం వదిలేశానా? నువ్వూ సాయం పట్టావుగా, అదీ రాయించాను.”

“సాయమా?” చుట్టలక్క గొంతు పీలగా వచ్చింది. అది ఆమెకే నచ్చలేదు. “మోటారు ఎవరు చుట్టారు? బ్యాటరీ ఎవరు కట్టారు? ఆ మూతకి బెజ్జాలు వేసిందెవరు? నువ్వేం చేశావు చెప్పు. ఒక్కటి చెప్పు!”

“అరవకు. వీధిలో జనం ఉన్నారు.”

“ఉండనీ. షెడ్డులో ఎవరు కూర్చుంటారు?”

“నేనే. ఇంకెవరు? పాసు ఒకళ్ళకే ఇస్తారు. నువ్వు ఇక్కడ చుట్టి పంపిస్తుంటే నేనక్కడ బిగిస్తుంటాను. ఇద్దరం అక్కడ కూర్చుంటే ఈ వైండింగ్ పని ఎవరు చేస్తారు, మీ వదినా?”

అతనికి నిజంగానే అది న్యాయంగా కనిపిస్తోంది. మొహంలో ఎక్కడా కల్మషం లేదు. ఒళ్ళు మండించింది అదే. దొంగైతే దొంగతనం చేస్తున్నానని వాడికైనా తెలుస్తుంది. ఇతను చెల్లెలి పద్దెనిమిదేళ్ళ పనిని సొంత మీసాన్ని దువ్వుకున్నంత సులువుగా దువ్వుకుంటున్నాడు.

చుట్టలక్క పెరట్లోకి వెళ్ళి, బండి మీద అన్నయ్య కప్పిన దుప్పటి లాగేసింది.

“అదెక్కడికే? దుమ్ము పడుతుంది!” అన్నాడు అన్నయ్య గుమ్మంలోంచి.

“పడనీ. దుప్పటి నాది” అంది చుట్టలక్క.

*

బుధవారం ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు. నీళ్ళ మోటారు చుట్టడానికి కూర్చుంది. అరవై చుట్లు చుట్టాల్సిన చోట అరవై రెండు చుట్టి, చూసుకుని, మళ్ళీ విప్పింది. తీగ వేళ్ళ మధ్య కోసుకుంది. లెక్క తప్పడం ఆమెకి ఎన్నేళ్ళుగానో లేదు. ఆ రెండు చుట్లకీ కూడా అన్నయ్య మీదే కోపమొచ్చింది.

చీకటిపడ్డాక అన్నయ్య వైర్లన్నీ పీకి, బ్యాటరీని విప్పి ఇంట్లో చార్జింగ్ పెట్టాడు. రేపు ఆసుపత్రి ఆఫీసరు బ్యాటరీని విడిగా చూసి, కాగితం సీలు వేస్తుందట. ఆ తర్వాత ఆవిడ కళ్ళముందే అన్నీ తగిలించాలట. వెనకగది గుమ్మం ముందు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. అడిగితే చెప్పేదేమో. అడగలేదు. ఇక నాలుగోసారి చెప్పనని చుట్టలక్క పళ్ళు బిగబట్టుకుంది.

వదిన టీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, అక్కడే నిలబడింది.

“నా చేత్తోనే రాశాను” అంది.

“చూశాను.”

“రాస్తుంటే చెయ్యి ఆగింది.”

“ఆగినప్పుడు ఆపాల్సింది వదినా.”

వదిన వంగింది. బల్ల కింద కుక్కి ఉన్న నీలంగళ్ళ దుప్పటి తీసుకుని, గ్రీజు మరకలు చూసి, ఉతకడానికి పట్టుకెళ్ళింది.

*

గురువారం తొమ్మిదింటికి అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి తీశాడు. గుమ్మం మెట్టు దింపడానికి, “ఏమే, కాస్త సాయం పట్టు!” అని కేకేశాడు. వెనకగదిలోంచి ఎవరూ రాలేదు. ఇంకోసారి కేకేశాడు. టైలరు వచ్చి దింపాడు. ఖాళీ పెట్టె కాబట్టి పెడళ్ళు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

వదిన ఆరిన దుప్పటిని మడతపెట్టి తెచ్చింది.

“దీన్ని ఆయన దుమ్ముగుడ్డ అంటాడు. దీంతో నువ్వు దుమ్ము దులపడం నేనెప్పుడూ చూడలేదు. వైర్లు పెట్టేముందు కప్పుతావు, పెట్టాక తీస్తావు. ఎందుకు?”

చుట్టలక్క చేతిలో తీగ ఆగింది. ఈ ఇంట్లో ఆమె పని గురించి ఎందుకు అని అడిగిన మొదటి మనిషి వదిన.

“ఎండలో ప్లేటు ఊరికే ఉండదు వదినా. వైరు తగిలిన క్షణం నుంచి కరెంటు పంపిస్తూనే ఉంటుంది. అవతల బ్యాటరీ ఉంటే డబ్బా దాన్ని చూసి సర్దుకుంటుంది. బ్యాటరీ లేకుండా ప్లేటు ఒక్కటే తగిలిస్తే దానికి ఎక్కడ ఆపాలో తెలీదు. కాలిపోతుంది. అందుకే కప్పి పెడతాను. చెయ్యి పొరపాటు పడ్డా ఏమీ కాదు.”

“ఆయనకి చెప్పావా?”

“మూడుసార్లు.”

“విన్నాడా?”

చుట్టలక్క తీగ చుట్టడం మొదలుపెట్టింది.

“కాలిపోతుందంటావా?” వదిన మళ్ళీ అడిగింది.

“కాలిపోనీ! నలుగురిలో పొగొస్తే అప్పుడైనా తెలుస్తుంది.”

“తెలుస్తుందిలే. ఆ తర్వాత కాలినదాన్ని మళ్ళీ చేసేదెవరు?” అంది వదిన.

చుట్టలక్క లేచింది. చెప్పులేసుకుంది. “చెప్పడానికి వెళ్ళట్లేదు. చూడ్డానికి వెళ్తున్నాను” అంది. వదిన సరేనంటూ దుప్పటిని ఆమె చంకలో పెట్టింది.

*

“పాసు?” అన్నాడు ఆసుపత్రి వెనక గేటు దగ్గర గార్డు.

“లేదు.”

“ఎవరి తాలూకు?”

“ఆ బండి తాలూకు.”

గార్డు అట్ట మీది జాబితాలో వేలు పెట్టి చూశాడు. “తయారుచేసినవారు ఒకరే ఉన్నారమ్మా. సాయానికొచ్చినవాళ్ళు బయటుండాలి.”

ఊచలకి అవతల, పది గజాల దూరంలో, నడినెత్తికెక్కుతున్న ఎండలో బండి ఉంది. పెట్టెలో ఇసుక బస్తాలు సర్దేశారు. ప్లేటు అద్దంలా మెరుస్తోంది. దాని మీద ఏమీ లేదు. స్టోర్సు ఆఫీసరు, కళ్ళజోడు పెట్టుకున్న నడివయసావిడ, బ్యాటరీకి సీలు వేసి వెనక్కి జరిగింది. అన్నయ్య మెడలో పాసు వేలాడుతోంది. బ్యాటరీ వైరు సీటు కింద లోపలెక్కడో ఉంది, వంగి తియ్యాలి. ప్లేటు వైరు చేతికందేటంత పైన ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి దేన్ని ముందు పట్టుకుంటాడో చుట్టలక్కకి తెలుసు.

అతను దాన్నే పట్టుకున్నాడు.

కాలిపోనీ అనుకుంది. గట్టిగా, మనస్ఫూర్తిగా అనుకుంది. ఆ ఇస్త్రీ చొక్కాకి పొగ పట్టాలి. చెల్లెలు ఒకటి అని రాయించిన మనిషి ఆ ఒకటి లేకుండా నిలబడి గుటకలు మింగాలి. అంత సంతోషం ఈ మధ్య ఆమెకి దేనికీ కలగలేదు. అన్నయ్య వైరు కొసని నోటితో ఊది, డబ్బా వైపు చెయ్యి చాపాడు.

ఆ డబ్బాలో మూడు టంకాలు సరిగ్గా పడలేదని తీసి మళ్ళీ వేసింది ఆమె. దాని మూతకి నీళ్ళు దిగకుండా పాత సైకిలు ట్యూబు కత్తిరించి అంటించింది ఆమె. అన్నయ్య పరువు ఒక్కటే కాలేటట్టైతే చూస్తూ నిలబడేది.

“ప్లేటు ముట్టుకోకు!”

ఆ కేకకి గార్డు కూడా ఉలిక్కిపడ్డాడు. అన్నయ్య చెయ్యి గాల్లో ఆగింది.

“ఎవరావిడ?” అంది ఆఫీసరు.

“మా చెల్లెలండీ. సాయానికి వస్తుంటుంది.”

“ముట్టుకోవద్దని ఎందుకంటోంది?”

“అంటే... దుమ్ముంటుందని మేడమ్.”

ఆఫీసరు అతన్నీ, తళతళలాడుతున్న ప్లేటునీ చూసి, గేటు దగ్గరికి నడిచొచ్చింది. “మీరు చెప్పండి.”

చుట్టలక్క ఊచల మధ్య నుంచే చెప్పింది. వదినకి చెప్పిన మాటలే, అదే వరసలో.

“ఇది మీ అన్నగారు చెప్పలేదే?”

“చెప్పాలంటే వినుండాలి కదా మేడమ్” అంది చుట్టలక్క.

ఆఫీసరు గార్డుకి సైగ చేసింది. గేటు తెరుచుకుంది.

చుట్టలక్క ఎవరి మొహమూ చూడలేదు. ప్లేటు మీద దుప్పటి పరిచింది. సబ్బు వాసన వేసింది. మోకాళ్ళ మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టి, బ్యాటరీ వైరు లాగి తగిలించింది. ఎర్రదీపం. ప్లేటు వైరు తగిలించింది. దుప్పటి లాగింది. పచ్చదీపం.

ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకుంది. “మీ ఫారంలో వేగం గడి చూశాను. గంటకి పన్నెండు కిలోమీటర్లు దాటదని రాశారు. ఎందుకలా?” అని అన్నయ్యని అడిగింది.

“పెంచేద్దాం మేడమ్. రేపే పెంచేస్తాం.”

“పెంచకూడదు” అంది చుట్టలక్క ఇంకా నేల మీదే కూర్చుని. “నేనే తగ్గించాను. చుట్లు ఎక్కువేస్తే వేగం తగ్గి, లాగే బలం పెరుగుతుంది. నడవలేని రోగుల మధ్య తిరిగే బండి ఇది. దీనికి పరుగెందుకు?”

ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని ఫారం తిప్పింది. పై గడి చూసింది, కింది గడి చూసింది. “ట్రయల్లో తయారుచేసినవాళ్ళే నడపాలి. రూలు. ఈ గడుల సంగతి సాయంత్రం నాలుగింటికి కొత్త కాగితం మీద రాసుకుందాం. ముందు బండి ఎక్కండి. పాసు నడిపేవాళ్ళ మెడలో ఉండాలి.”

ఎవరెక్కాలో ఆవిడ చెప్పలేదు. చెప్పకుండా చుట్టలక్కనే చూస్తూ నిలబడింది.

అన్నయ్య పాసు తియ్యడానికి చాలాసేపు పట్టింది. తాడు కాలరులో చిక్కుకుంది. దాన్ని చెల్లెలి చేతిలో పెడుతూ, పెదవులు కదపకుండా అన్నాడు. “నలుగురిలో పరువు తీశావు.”

“నా పని నీ పేరు మీద రాయించుకున్నప్పుడు నాకూ పరువుందని గుర్తు రాలేదా అన్నయ్యా?”

అతను కాలరు సర్దుకుంటూ పక్కకి జరిగాడు.

చుట్టలక్క పాసు మెడలో వేసుకుని సీటెక్కింది. ఈ బండి సీటు మీద కూర్చోవడం అదే మొదటిసారని కూర్చున్నాక గుర్తొచ్చింది. సీటు ఎత్తు అన్నయ్య కాళ్ళకి సరిపెట్టి ఉంది, ఆమె కాళ్ళు సగమే అందుతున్నాయి. ఎదురుగా లోపలి బ్లాకులకి వెళ్ళే ఎత్తు దారి. దాని పక్కనే షెడ్డు. కిటికీ తలుపులు తెరిచే ఉన్నాయి.

పిడి తిప్పింది. మోటారు గుర్రుమంది. ఎనభై కిలోలు, ఎత్తు. బండి కదల్లేదు. ఆఫీసరు, గార్డు, దుప్పట్ల మూటలతో ఆగిన ఇద్దరు ఆయాలు, అందరూ చూస్తున్నారు. చుట్టలక్క బ్రేకు పట్టుకుంది. ఇందులో వింతేం లేదు. రెండడుగుల ఊతం కావాలి, అంతే.

మెడ వెనక్కి తిప్పింది.

“అన్నయ్యా, కాస్త సాయం పట్టు.”

పిలిచింది ఇంకెవరినో అన్నట్టు అన్నయ్య పక్కకి చూశాడు. పక్కన ఎవరూ లేరు. ఒక అడుగు వేశాడు. ఇంకోటి వేశాడు. ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి, సీటు వెనక కడ్డీకి అరచేతులు ఆనించి తోశాడు. మొదటి అడుగుకి బండి ఊగింది. రెండో అడుగుకి మోటారు అందుకుంది. మూడో అడుగుకి కడ్డీ అతని చేతుల్లోంచి జారిపోయింది.

బండి నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా ఎత్తెక్కుతోంది. పెట్టె మూత మీద పచ్చదీపం వెలుగుతోంది. చేతులు ముందుకి చాపినవి చాపినట్టే పెట్టుకుని అన్నయ్య దారి మధ్యలో నిలబడిపోయాడు.

గార్డు వచ్చి అతని మెడ వైపు చూశాడు. గేటు సగం తెరిచి పట్టుకున్నాడు.

“సాయానికొచ్చినవాళ్ళు బయటుండాలండీ” అన్నాడు.